మామగారి పంచె, పాప ప్యాడ్లు

మదనపల్లె నుంచి కుప్పం దాకా ఉన్న మా చుట్టాల్లో ఎవరిని అడిగినా ఒకే కథ చెబుతారు. నాకు ప్రయాణంలో ఉచ్చ ఆగదట. అది దాచుకోవడానికి చంటిపిల్లలకు పెట్టే ప్యాడ్లు కట్టుకుని తిరుగుతానట. ఒకసారి పుంగనూరులో మా యారాలి ఇంట్లో, అంటే మా మరిది భార్య ఇంట్లో, బాత్రూమంతా పాడుచేశానట. కొంచెం దయగలవాళ్ళు రెండు కాన్పులూ కష్టమయ్యాయి కదా పాపం అని ఒక ముక్క చేరుస్తారు. నా కాన్పులేమీ కష్టం కాలేదు. రెండూ మధ్యాహ్నం భోజనాల వేళకు ముందే అయిపోయాయి.

ఆ కథలో నిజం ఒక్కటే: బాత్రూం పాడైంది. మిగతాదంతా అబద్ధం. అయితే ఆ అబద్ధంలో మొదటి మాట నా నోటి నుంచే వచ్చింది కాబట్టి ఎవరితోనూ పోట్లాడే వీలు లేకుండా పోయింది. నేను పోట్లాడకుండా వదిలేసిన విషయం ఈ ఇంట్లో ఇదొక్కటే. ఇప్పుడు మా అత్త లేదు. జరిగింది జరిగినట్టు రాస్తే నష్టపోయేవాళ్ళు ఎవరూ లేరు.

అత్త రెండేళ్ళపాటు ఇల్లు కదల్లేదు. అడిగినవాళ్ళకు మోకాళ్ళ నొప్పులని చెప్పేది. వాల్మీకిపురంలో సొంత ఆడపడుచు మనవరాలి పెళ్ళికి కూడా రాలేదు. అదే మనిషి మిద్దె మెట్లెక్కి వడియాలు ఎండబెట్టి దిగివచ్చేది. ఊరుకునే అలవాటు నాకు లేదు.

"మెట్లెక్కే మోకాళ్ళు బస్సెక్కవా అత్తా?"

"నువ్వు కోడలివా, వకీలువా?" అని లోపలికి పోయింది.

ఒకరోజు ఆమె లేచిన కుర్చీలో నేను కూర్చున్నాను. తడి తగిలింది. అంతే, తెలిసిపోయింది. లేచి చీర మార్చుకున్నాను. ఆమె గుమ్మం దగ్గర నిలబడి చూసింది. మూడోరోజు డాక్టరు దగ్గరకు పోదామన్నాను. పోయాం. మాత్రలు ఇచ్చాడు. వాటితో నోరు ఎండిపోతోందని వారానికే మానేసింది. పెద్దవాళ్ళ డైపర్లు ఒక ప్యాకెట్టు తెచ్చాను. ఒకటి కట్టుకుని వంటింటి నుంచి వాకిలి దాకా నడిచి, తిరిగొచ్చి, విప్పి నా ముందు పడేసింది.

"నడిస్తే గరగరమంటాండాది. నేను మనిషినా, కొట్లో కట్టిన పొట్లమా?"

మా ఆయనకు చెప్పొద్దంది. ఎవరికీ చెప్పొద్దంది. నేను చెప్పలేదు.

అప్పుడే కుప్పంలో ఉన్న ఆమె చెల్లెలికి, మా చిన్నత్తకు, పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. మాట మాత్రం ముద్దముద్దగా వస్తోంది. ఎవరు ఫోన్ చేసినా "అక్క యాడ? అక్క యాల రాలేదు?" అనే అడుగుతోందట. ఫోన్ చెవి దగ్గర పెడితే మా అత్త "మోకాళ్ళు తగ్గనీ, వస్తానే" అనేది. ఫోన్ పెట్టేశాక పనేమీ లేకపోయినా పెరట్లోకి పోయి నిలబడేది. ఇంకో మూడు నెలలు బతుకుతుందో లేదో అని కుప్పం డాక్టరు అన్నాడని మా మరిది చెప్పాడు. అది అత్తకు వినపడేటట్టే చెప్పాడు. మగవాళ్ళకు గొంతు తగ్గించడం ఎవరూ నేర్పరు.

ఆ నెలలోనే మా అమ్మాయి ఎనిమిది నెలల పాపను తీసుకుని బెంగుళూరు నుంచి వచ్చింది. పాపకు గుడ్డ డైపర్లు. చిన్న చెడ్డీలాగా ఉంటాయి. బయటివైపు నీళ్ళు దిగని గుడ్డ, లోపలివైపు మెత్తని గుడ్డ, మధ్యలో సంచీ నోరులాగా ఖాళీ. ఇంట్లో ఉంటే ఆ ఖాళీలో నూలుగుడ్డ మడత పెడుతుంది. ప్రయాణానికి మాత్రం వాడి పారేసే ప్యాడ్ పెడుతుంది. నేను ఊరుకుంటానా? అంత గుడ్డ ఉండగా మళ్ళీ కాగితం ఎందుకు, ఇదేం చోద్యం అని తగులుకున్నాను.

"తడిసిన గుడ్డలన్నీ సంచిలో మోసుకుని తిరగమంటావా అమ్మా? ప్యాడ్ తీసి పారేసి ఇంకోటి పెడితే అయిపోతాది. పై గుడ్డ అట్లే ఉంటాది" అంది అమ్మాయి.

అత్త పక్కన కూర్చుని అనపకాయలు వలుస్తోంది. తల ఎత్తకుండా ఒక్క మాట అడిగింది.

"పై గుడ్డ తడవదా?"

"ఒకటికి రెండు పెడితే తడవదవ్వా."

అత్త గింజలు గిన్నెలో వేసి నా వైపు చూసింది. నేను కుట్టుమిషను వైపు చూశాను. డిగ్రీ చదివి మిషను తొక్కుతోందని ఇదే మనిషి చుట్టాల ముందు నన్ను ఎన్నిసార్లు ఎత్తిపొడిచిందో ఆ క్షణాన గుర్తొచ్చింది. గుర్తు చేయలేదు. అమ్మాయి పోతూ పోతూ రెండు ప్యాకెట్లు వదిలేసి వెళ్ళింది.

బయటివైపుకు పాత రెయిన్‌కోటు కత్తిరించాను. లోపలికి మెత్తని నూలు కావాలి. ఇంట్లో అంత మెత్తగా అరిగిన గుడ్డ మా మామగారి పంచె ఒక్కటే. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. పెట్టె అడుగు నుంచి తీసి అత్త ముందు పెట్టి, కత్తెర వెయ్యనా అన్నాను. పంచెను చేత్తో నిమిరి చూసింది.

"వెయ్యి. బతికుండగా ఒక్కనాడూ నన్ను మొయ్యలేదు. ఇప్పుడన్నా మోయనీ."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. పక్కలకు టిచ్చు బటన్లు, నడుముకు బొందు. మధ్యలో పాప ప్యాడ్లు రెండు పక్కపక్కన పట్టేటట్టు సంచీ. కొలతలు తీస్తుంటే ఆమె ఒకే షరతు పెట్టింది.

"దీన్ని గోసి అను, కట్టుకుంటా. ఆ ఇంగిలీసు మాట మల్లా నోట్లో నుంచి వస్తే నేను రాను."

గోచి అంటే పుట్టినప్పటి నుంచి తెలిసిన మాట. గోచికి సిగ్గు లేదు. సరేనన్నాను. మూడు కుట్టాను.

ఒక ఆదివారం పరీక్ష పెట్టుకున్నాం. నిమ్మనపల్లె బస్సెక్కి, అక్కడ దిగకుండా, అదే బస్సులో మదనపల్లె తిరిగొచ్చాం. కండక్టరు రెండోసారి టికెట్టు కొడుతూ "దిగేది లేదా అమ్మా? ఏం పని మీద వచ్చినట్టు?" అన్నాడు. "గాలికి వచ్చినామప్పా, నీ బస్సులో గాలి బాగుండాది" అంది అత్త. ఇంటికొచ్చి చూస్తే చీర పొడిగా ఉంది. ఆమె చీరను వెనక్కి తిప్పి, వెలుతురుకు పట్టి మరీ చూసుకుంది. తర్వాత కుప్పానికి ఫోన్ చెయ్యమంది.

బయల్దేరే ముందు నేను చెప్పింది ఒక్కటే. మూడుసార్లు చెప్పాను. తీసిన ప్యాడ్‌ను పేపర్లో చుట్టి నా చేతికివ్వు. ఉతకొద్దు. ఏం చేసినా ఉతకొద్దు.

"తెలిసిందిలే. నేనేం పసిబిడ్డనా?"

మదనపల్లె నుంచి కుప్పానికి ఒకే పట్టున కూర్చోవడం ఆమె వల్ల కాదు. అందుకని మధ్యలో పుంగనూరులో దిగి, యారాలి ఇంట్లో భోంచేసి, ప్యాడ్ మార్చుకుని, మూడున్నర బస్సుకు పోవాలని అనుకున్నాం. పుంగనూరు దాకా బాగా జరిగింది. యారాలు సంగటి చేసింది, చింతాకు పప్పు చేసింది. మంచిదే. కాకపోతే ఆమె చెవిన పడ్డ మాట సాయంత్రానికి పలమనేరు దాటుతుంది. అత్తకు కూడా ఆ సంగతి బాగా తెలుసు.

తిన్నాక అత్త తన చేతిసంచి తీసుకుని బాత్రూంలోకి పోయింది. చాలాసేపు నీళ్ళ చప్పుడు వినిపించింది. చంబుతో పోస్తున్న చప్పుడు, ఆగి, రుద్దుతున్న చప్పుడు. నాకు అప్పుడే తెలియాల్సింది. నేను యారాలితో టమాటా ధర గురించి వాదిస్తున్నాను.

అత్త బయటికొచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఎవరి ముఖమూ చూడకుండా మంచం దగ్గరకు పోయింది. యారాలు చెయ్యి కడుక్కోవడానికి లోపలికి పోయి అక్కడి నుంచే అరిచింది.

"అక్కా! ఇదేందక్కా, సగ్గుబియ్యం పాయసం పోసినట్టుండాది!"

పోయి చూశాను. బకెట్ నిండా, గచ్చు నిండా తెల్లని జిగురు గుండ్లు. నీళ్ళు పోయే తూము మూసుకుపోయి, మడమ మునిగేంత నీళ్ళు నిలబడ్డాయి. మూలన బట్టల సబ్బు. ప్యాడ్ పైపొర పిండి, విదిలించి, చిలక్కొయ్యకు ఆరేసి ఉంది. చిన్న చేతిరుమాలులాగా, నాలుగు మూలలూ సరిచేసి మరీ ఆరేసింది.

డెబ్బై ఆరేళ్ళ మనిషి. ముగ్గురు పిల్లల పొత్తిగుడ్డలు ఉతికింది, ఐదుగురు మనవళ్ళవి ఉతికింది, మామగారు మంచాన పడితే ఆయనవీ ఉతికింది. ఒంటి నుంచి తీసిన గుడ్డను తడపకుండా ఇంకొకరి చేతిలో పెట్టడం ఆమెకు ఎన్నడూ చేతకాలేదు. నేను మూడుసార్లు చెప్పింది నిజమే. ఆ మాటలు ఆమె చెవిదాకా వచ్చాయి, చేతులదాకా రాలేదు.

యారాలికి ఇద్దరు మనవళ్ళు. ఆమె కొయ్యమీద పొరను వేలితో ఎత్తి చూసింది.

"ఇది పిల్లోళ్ళకు పెట్టే ప్యాడు గదా? మీతో పిల్లోళ్ళు యెవురూ రాలేదే!"

అత్త మంచం కోడు పట్టుకుని నిలబడింది. చేతిసంచి భుజానికి తగిలించుకుంది. ముఖం వాకిలి వైపు ఉంది. మదనపల్లె బస్సు ఎన్ని గంటలకు అని అడగబోతోందని నాకు తెలిసింది.

"నాది" అన్నాను.

దీన్ని త్యాగమనీ గీగమనీ ఎవరైనా అనుకుంటే నేనొప్పుకోను. నాకు ఆ క్షణాన ఏమీ అనిపించలేదు. జాలి లేదు, ప్రేమ లేదు. ఒక నెల కొట్లాడి బయల్దేరదీసిన మనిషి ఇక్కడి నుంచి వెనక్కి పోతే మళ్ళీ కదలదు. చెల్లెలు పోతుంది. ఆ తర్వాత జీవితాంతం నా నెత్తిన కూర్చుని ఆ మాటే అంటుంది. మూడున్నరకు బస్సు. అప్పటికి మూడు. అంతే లెక్క.

"నీదా! నీకేమొచ్చింది అక్కా?"

"వచ్చింది. రాళ్ళుప్పు ఉందా ఇంట్లో?"

ప్యాడ్ లోపల ఉండే పొడి నీళ్ళు తాగి ఉబ్బుతుంది. ఉప్పు తగిలితే తాగిన నీళ్ళు వదిలేస్తుంది. నేను బీఎస్సీ కెమిస్ట్రీ. చదివిన చదువు ఈ ఇంటికి పనికొచ్చిన రోజు అదొక్కటే. రెండు దోసిళ్ళ ఉప్పు చల్లి చీపురుతో కలిపాను. గుండ్లు కుంగి, పలచబడి, నీళ్ళయి, తూములోకి దిగిపోయాయి. యారాలు నోరు తెరిచి చూసింది.

"ఉప్పేస్తే పోతాదని కూడా తెలుసునా! ఎన్నేండ్లుగా ఉండాదక్కా నీకిది?"

నా చదువే నా మీద సాక్ష్యం చెప్పింది.

"మూడేళ్ళు" అన్నాను. అబద్ధానికి ఒక లెక్క ఉంటేనే నమ్ముతారు.

"అయ్యో, సెప్పనే లేదే!" అని నా భుజం మీద చెయ్యి వేసింది. అత్త మంచం కోడు వదిలి కూర్చుంది.

బస్సులో అత్తకు కిటికీ సీటు ఇచ్చాను. వీ.కోట దాటాక, బయటికి చూస్తూనే అడిగింది.

"ఉప్పుతో పోతాదని నీకెట్ల తెలుసు?"

"చదువుకున్నాను కదా."

"ఊఁ" అంది. కొంగు సర్దుకుని, "చదివిస్తే మంచిదే" అంది. అంతకుమించి ఏమైనా అంటుందేమోనని కుప్పం బస్టాండు దాకా చూశాను. దిగేటప్పుడు జాగ్రత్తగా దిగమంది, నన్ను.

మాకంటే ముందు ఫోన్ చేరింది. చిన్నత్త కోడలు నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి ఒక ప్లాస్టిక్ కుర్చీ చూపించింది. కుర్చీ మీద రబ్బరు షీటు, దానిమీద మడిచిన దుప్పటి. అందరికీ గ్లాసు నిండా కాఫీ, నాకు సగం.

"నీకు తక్కువే పోసినానక్కా. మల్లా ఇబ్బంది గదా" అని చెవిలో చెప్పింది. వాకిట్లో ఉన్న వాళ్ళాయనకు కూడా వినపడింది.

నేను ఆ షీటు మీద రెండు గంటలు కూర్చున్నాను. వేసవి కాకపోయినా కింద చెమట పట్టింది. నాకు చెమట పట్టిందని చెబితే ఎవరు నమ్ముతారని లేవకుండానే ఉన్నాను.

అత్త తిన్నగా పోయి చెల్లెలి మంచం మీద కూర్చుంది. షీటు లేదు, ఎవరూ అడ్డం రాలేదు. చెల్లెలి పడిపోయిన చేతిని ఒళ్ళో పెట్టుకుంది. చిన్నత్త ముద్దమాటతో, "మోకాళ్ళు తగ్గినాయా అక్కా?" అంది. "నిన్ను సూస్తే తగ్గవా?" అంది అత్త. కొబ్బరినూనె తెప్పించి తల దువ్వింది. ఎప్పటిదో పక్కింటామె ఎట్లా నడిచేదో నడిచి చూపించింది. చిన్నత్త ఒక పక్క నోటితో నవ్వింది. నవ్వుతుంటే కారిన చొంగను అత్త తన కొంగుతో తుడిచింది. నేను దూరం నుంచి చూశాను. చూడాల్సింది చూశాను కాబట్టి పని అయిపోయింది అనిపించింది. అంతకన్నా వేరే ఏమీ అనిపించలేదు.

అప్పుడు చిన్నత్త నా వైపు చూసి అక్కను ఏదో అడిగింది. అత్త వంగి, గొంతు తగ్గించి, అయినా నాకు వినపడేటట్టు అంది:

"మా కోడలికి పాపం ఈ వయసుకే వచ్చింది. యెవురూ ఏమీ అనొద్దండి. శానా అభిమానం మనిషి."

ఆ తర్వాత ఆ మాట ఆగలేదు. రామసముద్రంలో పెళ్ళికి పోతే నాకు బాత్రూం పక్కన కుర్చీ వేశారు. ఎవరో నేరేడు గింజల పొడి పంపారు. ఎవరో అత్తిపత్తి ఆకు కషాయం చెప్పారు. మా ఆయన ఒకరోజు తలుపు వేసి, నాకెందుకు చెప్పలేదని బాధగా అడిగాడు. ఆయనకు మాత్రం నిజం చెప్పాను.

"అమ్మ మీదికి యాల తోస్తావు? ఉంటే ఉండాదని చెప్పొచ్చు గదా, నేనేమన్నా అంటానా?"

ఇరవై ఎనిమిదేళ్ళ కాపురం. ఊరుకున్నాను.

అత్త మాత్రం తిరిగింది. రెండేళ్ళు ఇల్లు కదలని మనిషి ఆ ఏడాది ఏడు ఊళ్ళు తిరిగింది. మోకాళ్ళు తగ్గాయని అందరూ సంతోషపడ్డారు. ప్రతిసారీ గోచి, రెండు ప్యాడ్లు, సంచిలో ఇంకో నాలుగు. సంచి నాది, మోసేది నేను, కాబట్టి చూసినవాళ్ళకు రుజువు కూడా దొరికింది. ఆమె మళ్ళీ ఎప్పుడూ ఉతకలేదు. పేపర్లో చుట్టి, మాట లేకుండా నా చేతికిచ్చేది. చిన్నత్త పోయినప్పుడు కుప్పంలో పదకొండు రోజులు కూర్చుంది. ఆ పదకొండు రోజులూ చీర తడవలేదు. మేమిద్దరమే ఉన్నప్పుడు కూడా, పుంగనూరు సంగతి ఆమె ఎత్తలేదు, నేను ఎత్తలేదు. ఎత్తుతుందని నేను ఎదురుచూడలేదని చెబితే అది అబద్ధం.

మరుసటి ఏడు అత్త మంచం పట్టింది. ఇంట్లోనే కదా, ప్యాడ్లతో పనిలేదు. అవే గోచులు, లోపల పంచెగుడ్డ మడతలు. నేనే మార్చేదాన్ని, నేనే ఉతికేదాన్ని. మనసులో ఏముండేది అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. నడుము ఎత్తడం, తుడవడం, మడత పెట్టడం, బటన్లు నొక్కడం.

ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం, నేను వంగి ఎడమవైపు బటన్లు నొక్కుతున్నాను. పైనుంచి ఆమె గొంతు వచ్చింది. నీరసంగా ఉన్నా మాట స్పష్టంగానే ఉంది.

"నీకిప్పుడెట్లుండాదిమ్మే? తగ్గిందా?"

"తగ్గింది అత్తా" అన్నాను.

"మంచిది. నీళ్ళు బాగా తాగు" అంది.

నేను బటను వైపు చూస్తున్నాను, ముఖం వైపు చూడలేదు. తలెత్తేసరికి ఆమె కళ్ళు మూసుకుంది. నాలుగు రోజులకు పోయింది. ఇంతమందితో ఇన్నేళ్ళు వాదించినదాన్ని, ఆ ఒక్కసారి తలెత్తి చూడలేకపోయాను. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నవ్వుతోందా, లేక నిజంగానే నా బాధ గురించి అడిగిందా?